జపాన్ క్రైమ్ నవలల్లో ఎప్పుడూ చచ్చిపోయేది అసిస్టెంట్ సెక్షన్ చీఫే ఎందుకు?

గుమాస్తాగారి_అమ్మాయి

మత్సుమోతో సెయిచో రాసిన 'టోక్యో ఎక్స్‌ప్రెస్' నిన్న రాత్రి పూర్తి చేశాను. పాత ఇంగ్లిష్ అనువాదానికి 'పాయింట్స్ అండ్ లైన్స్' అని పేరు. 1957లో ఒక ప్రయాణాల పత్రికలో సీరియల్‌గా మొదలై, 1958లో పుస్తకంగా వచ్చింది. ముగింపు గురించే మాట్లాడబోతున్నాను కాబట్టి చదవని వాళ్లు ఇక్కడే ఆగిపోండి.

ఫుకువోకా దగ్గర కషీయి అనే చోట సముద్రం ఒడ్డున ఒక మగ శవం, ఒక ఆడ శవం పక్కపక్కనే దొరుకుతాయి. జ్యూస్‌లో సయనైడ్. ప్రేమికుల ఆత్మహత్య అని రాసేసి ఫైలు మూసేయడానికి పోలీసులు సిద్ధం. చనిపోయినవాడి పేరు సయామా, టోక్యోలో ఒక మంత్రిత్వ శాఖలో అసిస్టెంట్ సెక్షన్ చీఫ్. అక్కడ లంచాల కేసు దర్యాప్తు నడుస్తోంది. ఏ కాగితం ఎవరి దగ్గరికి వెళ్లిందో అతనికి తెలుసు.

అతని జేబులో రైల్లో భోజనం చేసిన రసీదు ఉంటుంది. దాని మీద 'ఒక్కరు' అని రాసి ఉంది. టోరిగాయ్ అనే వయసు మళ్లిన డిటెక్టివ్ దాని దగ్గర ఆగిపోతాడు. కలిసి చావడానికి బయల్దేరిన ఆడమనిషి, అతను భోజనానికి లేస్తే వెంట వెళ్లదా? ఇంటికెళ్లి కూతుర్ని అడుగుతాడు. ఆకలి లేకపోయినా కాఫీ తాగుతూ పక్కన కూర్చుంటాను, అది ఆకలికి సంబంధించిన విషయం కాదు కదా అంటుంది ఆ పిల్ల. కేసు మొత్తం ఆ మాట మీద తిరిగింది. ఇంత చిన్న కాగితం మీద ఇంత పెద్ద కథ నిలబెట్టడం నేనెక్కడా చూడలేదు.

కానీ నాకు నిద్ర పట్టనివ్వనిది చివరి రెండు పేజీలు. హత్యలు చేయించిన యంత్రాల వ్యాపారి, అతని భార్య విషం తాగి చనిపోతారు. ఎవరి కోసం ఇదంతా జరిగిందో, సయామా శాఖలోని ఆ డివిజన్ అధికారిని వేరే విభాగానికి బదిలీ చేస్తారు, అదీ ముందుకంటే మంచి పోస్టుకి. అలిబీ, అంటే నేరం జరిగిన వేళ వ్యాపారి ఇంకో చోట ఉన్నాడనే సాక్ష్యం, సృష్టించడానికి సాయపడ్డ కింది ఉద్యోగి సెక్షన్ చీఫ్ అవుతాడు. అంతే, కథ అయిపోయింది.

మా నాన్న ముప్ఫై ఏళ్లు గుమాస్తాగా చేశారు. అందుకేనేమో సయామాను వదిలిపెట్టలేకపోతున్నాను. జపాన్ క్రైమ్ నవలలు చదివేవాళ్లు చెప్పండి, అన్నీ ఇలాగే ఉంటాయా?

చిక్కుముడి

ముగింపు చేదుగానే ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఈ నవలను నిలబెట్టింది టైంటేబుల్ అండీ. టోక్యో స్టేషన్లో 13వ నంబరు ప్లాట్‌ఫాం మీద నిలబడితే 15వ ప్లాట్‌ఫాం కనపడదు, మధ్యలో ఎప్పుడూ ఏదో ఒక రైలు అడ్డం ఉంటుంది. సాయంత్రం 5:57 నుంచి 6:01 వరకు, రోజు మొత్తం మీద ఆ నాలుగు నిమిషాలే ఖాళీ. సరిగ్గా ఆ నాలుగు నిమిషాల్లో ఇద్దరు వెయిట్రెస్‌లు, ఆ వ్యాపారి కలిసి అవతలి ప్లాట్‌ఫాం మీద సయామా ఒక అమ్మాయితో ఫుకువోకా వైపు వెళ్లే 'అసకజె' రైలు ఎక్కడం చూస్తారు. కాకతాళీయమా, ఎవరైనా ఏర్పాటు చేశారా అనేదే ప్రశ్న. నిజమైన రైళ్ల నిజమైన టైమింగులతో రాశాడు. క్రైమ్ నవలని ముందు క్రైమ్ నవలగా చదవాలని నా అభిప్రాయం. లంచాల సంగతి కోసమే అయితే పేపర్ చాలు.

కవాసాకి_తెలుగోడు

పదకొండేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను కాబట్టి కొంచెం నేపథ్యం చెబుతాను.

అసిస్టెంట్ సెక్షన్ చీఫ్‌ని ఇక్కడ 'కచో-హోసా' అంటారు. జపాన్ మంత్రిత్వ శాఖల్లో రెండు రకాల మనుషులు. పెద్ద పరీక్ష రాసి పైనుంచి వచ్చినవాళ్లు రెండు మూడేళ్లకోసారి సీటు మారుతూ పైకి పోతూనే ఉంటారు. కిందినుంచి వచ్చినవాళ్లు అదే బల్ల దగ్గర పదిహేను, ఇరవై ఏళ్లు ఉండిపోతారు. పని తెలిసేది వీళ్లకే. పైవాడికి వీడు లేకపోతే రోజు గడవదు. వీడికేమో పైవాడు తలుచుకుంటేనే అసిస్టెంట్ అన్న మాట తీసేసి సెక్షన్ చీఫ్ అయ్యే యోగం. చెప్పింది చేస్తాడు, అన్నీ తెలిసి ఉంటాయి. దర్యాప్తు మొదలవగానే ఆ తెలిసినతనమే అతని ప్రాణం మీదికి వస్తుంది.

దీనికి జపనీస్‌లో ఒక మాట ఉంది, బల్లి తోక తెంచడం. పేపర్లలో, టీవీ చర్చల్లో రోజూ వాడే మాటే. మనం చిన్నప్పుడు చూశాం కదా, తోక కింద పడి గిలగిలా కొట్టుకుంటూ ఉంటుంది, అందరూ దాన్నే చూస్తుంటారు, బల్లి ఈలోపు గోడెక్కి పోయి ఉంటుంది.

మత్సుమోతోకి ఇదంతా ఎలా తెలుసు? ఆయన పెద్ద చదువులు చదవలేదు. ప్రాథమిక స్థాయి బడితో ఆపేసి ఆఫీస్ బాయ్‌గా చేరాడు, తర్వాత ప్రింటింగ్ ప్రెస్సులో పని నేర్చుకున్నాడు, ఆ తర్వాత క్యూషూ దీవిలో ఒక పెద్ద పత్రిక ఆఫీసులో ప్రకటనల డిజైన్లు గీసేవాడు. రచయితగా పేరొచ్చేసరికి నలభై దాటాయి. 1953లో అకుతగావా బహుమతి వచ్చింది, ఇక్కడ పేరున్న సాహిత్య బహుమతి అది. డిగ్రీలున్న వాళ్ల మధ్య డిగ్రీ లేకుండా కూర్చోవడం అంటే ఏమిటో ఆయనకు ఒంట్లో తెలుసు. ఆయనతో మొదలైన ధోరణిని ఇక్కడ 'షకాయ్-హ' అంటారు, అంటే సామాజిక శాఖ. అంతకుముందు హత్యలు ఎక్కువగా పాత భవంతుల్లో, వింత మనుషుల మధ్య జరిగేవి. ఈయన వాటిని ఆఫీసుకి, స్టేషన్‌కి, అద్దె గదికి తీసుకొచ్చాడు.

పాత_ఓవర్సీర్

అమ్మాయ్, నువ్వు రాసింది చదివాక ఒక విషయం చెప్పకుండా ఉండలేకపోతున్నాను. ఏ శాఖో, ఏ జిల్లానో చెప్పను. నాకిప్పుడు 71.

మా పనిలో ఎం-బుక్ అని ఉంటుంది, కొలతల పుస్తకం. కాలువ ఎంత తవ్వారు, ఎంత కాంక్రీటు పోశారు, అంతా అందులో ఎక్కించాలి. మొదట రాసేది కింద ఉన్నవాడు. పైవాడు చెక్ మెజర్‌మెంట్ అని సంతకం పెడతాడు. ఆ పైవాడు బిల్లు పాస్ చేస్తాడు. ఒకసారి మా పక్క సెక్షన్లో తవ్వని తవ్వకానికి బిల్లు వెళ్లింది. ఎంక్వయిరీ వచ్చింది. ముగ్గురి సంతకాలూ ఉన్నా అందరూ అడిగింది ఒకటే, "కొలతలు రాసింది నువ్వే కదయ్యా?" ఆ కుర్రాడు ఫోన్లో చెప్పించుకుని రాశాడు. ఫోన్లో చెప్పిన మాటకి సంతకం ఉండదు కదా. సస్పెండయ్యాడు. నాలుగేళ్లు సగం జీతంతో తిరిగాడు. చెక్ మెజర్‌మెంట్ చేసినాయనకి ఆ సంవత్సరమే ప్రమోషన్ వచ్చింది, మేమంతా ఆయనకి సన్మానం కూడా చేశాం. శాలువా కొనుక్కొచ్చింది నేనే.

ఇది జరిగి ముప్ఫై ఐదేళ్లు. ఆ శాలువా రంగు ఇప్పటికీ గుర్తుంది, ముదురు ఎరుపు.

గుమాస్తాగారి_అమ్మాయి

బాబాయ్ గారూ, ఏం రాయాలో తెలియడం లేదు. ఆ కుర్రాడు తర్వాత ఏమయ్యారు?

పాత_ఓవర్సీర్

తిరిగి తీసుకున్నారమ్మా. కానీ మునుపటి మనిషి కాడు. ఏ కాగితం ఇచ్చినా మూడుసార్లు జిరాక్స్ తీయించుకుని ఇంట్లో దాచుకునేవాడు.

రెండో_ఆట

ఇదే విషయం మీద జపాన్ దర్శకుడు కురోసావా సినిమా ఒకటి ఉంది, 1960లో వచ్చింది. ఇంగ్లిష్ పేరు 'ది బ్యాడ్ స్లీప్ వెల్'. ప్రభుత్వ భూ అభివృద్ధి సంస్థ, ఒక నిర్మాణ కంపెనీ, టెండర్ల కుమ్మక్కు. మొదటి ఇరవై నిమిషాలూ ఒక పెళ్లి విందు. సంస్థ ఉపాధ్యక్షుడి కూతురి పెళ్లి. విలేఖరులు హాలు బయట గుంపుగా నిలబడి, లోపలికి ఎవరు వెళ్తే వాళ్ల గురించి మాట్లాడుకుంటూ ఉంటారు. అప్పుడు కేకు వస్తుంది. ఆ సంస్థ ఆఫీసు భవనం ఆకారంలో ఉన్న కేకు. పై అంతస్తులో ఒక కిటికీకి గులాబీ గుచ్చి ఉంటుంది. ఐదేళ్ల క్రితం ఒక ఉద్యోగి ఆ కిటికీలోంచే దూకి చనిపోయాడు. హాల్లో కొందరి ముఖాలు మాడిపోతాయి.

చివర్లో ఆ ఉపాధ్యక్షుడు ఫోన్లో ఇంకెవరో పెద్దాయనతో మాట్లాడుతూ, కనపడని మనిషికి వంగి వంగి దణ్ణాలు పెడతాడు. ఆ పెద్దాయన పేరు వినపడదు, గొంతూ వినపడదు. నాకు ఆ ఫోన్ సీను ఏ హత్య సీనుకన్నా ఎక్కువ భయం వేసింది. తెర అయిపోయాక కూడా పైన ఇంకా అంతస్తులున్నాయని తెలుస్తుంది.

లెడ్జర్

బ్యాంకు ఉద్యోగిని, కాబట్టి నాకు దగ్గరి విషయం. జపాన్ ఆఫీసుల్లో ఏ నిర్ణయమైనా ఒక కాగితం మీద కిందినుంచి పైకి వెళ్తుంది, ప్రతివాళ్లూ తమ గుండ్రటి ముద్ర వేస్తారు. కొన్ని చోట్ల, ముఖ్యంగా బ్యాంకుల్లో, ఒక అలవాటు ఉండేది. కిందివాడు తన ముద్రని ఎడమవైపుకి కొంచెం వంచి వేయాలి, పైవాడి ముద్రకి దణ్ణం పెడుతున్నట్టు కనపడాలి. కాగితం మీద ఎర్రటి ముద్రలు వరసగా, ఒకదాని కన్నా ఒకటి ఎక్కువ వంగి ఉంటాయి. ఇది మొదటిసారి చదివినప్పుడు నా టేబుల్ మీదున్న ఫైలు తీసి మా సంతకాల వరస చూసుకున్నాను.

అలా అందరూ ముద్రలు వేసిన కాగితానికి చివరికి బాధ్యుడెవరో తేలదు. మంచి జరిగితే పైవాడిది. చెడు జరిగితే, ఓవర్సీర్ గారు చెప్పినట్టే, "రాసింది నువ్వే కదా."

కంపెనీల వైపు నుంచి చూడాలంటే తకామురా కవోరు రాసిన 'లేడీ జోకర్' చదవండి. 1997లో వచ్చింది. ఇంగ్లిష్‌లో రెండు భాగాలుగా 2021, 2022లో వెలువడింది. 1984లో ఒక పెద్ద మిఠాయి కంపెనీ అధ్యక్షుణ్ణి ఇంటినుంచే ఎత్తుకెళ్లారు. ఆయన మూడు రోజులకు తప్పించుకున్నాడు, ఆ తర్వాత 'ఇరవై ఒక్క ముఖాల రాక్షసుడు' అన్న పేరుతో ఉత్తరాలు, అంగళ్లలో సయనైడ్ కలిపిన చాక్లెట్లు. దోషులు దొరకనేలేదు, 2000 నాటికి కేసు గడువు కూడా తీరిపోయింది. ఆ సంఘటన నుంచి అల్లిన నవల ఇది. ఇందులో మిఠాయి బదులు బీరు కంపెనీ. గుర్రప్పందాల దగ్గర కలిసే ఐదారుగురు మామూలు మనుషులు ఆ కంపెనీ అధ్యక్షుణ్ణి ఎత్తుకెళ్తారు.

ఈ నవలలో నాకు బాగా నచ్చిన విషయం, కంపెనీ పోలీసులకి నిజం చెప్పదు. చెబితే తమ పాత సంబంధాలు బయటపడతాయి. జపాన్‌లో 'సోకైయా' అని ఒక వృత్తి ఉండేది. నాలుగు షేర్లు కొనుక్కుని వాటాదారుల సమావేశానికి వస్తారు, లోపలి గుట్టు బయటపెడతామని బెదిరించి డబ్బు గుంజుతారు. లేదా కంపెనీ దగ్గరే డబ్బు తీసుకుని, ప్రశ్నలడిగే మామూలు వాటాదారుల నోరు మూయిస్తారు. 1982లో అమల్లోకి వచ్చిన చట్ట సవరణతో ఆ చెల్లింపులు నిషేధించారు. అయినా 1997లో దేశంలోనే పెద్ద బ్యాంకు ఒకటి, పెద్ద సెక్యూరిటీస్ కంపెనీలు ఒకే సోకైయాకి డబ్బిచ్చిన వ్యవహారం బయటపడింది. చాలామంది అధికారులు అరెస్టయ్యారు. వీళ్ల బెడద తగ్గించుకోవడానికి కంపెనీలన్నీ జూన్ చివర్లో ఒకే రోజు సమావేశాలు పెట్టుకునేవి. ఒక్క మనిషి ఎన్ని చోట్లకి పోగలడు? సామాన్య వాటాదారు కూడా పోలేడు, అది వాళ్లకి ఇంకా మంచిది.

చిక్కుముడి

లెడ్జర్ గారూ, 'లేడీ జోకర్' నేనూ మొదలుపెట్టి వదిలేశాను. వందల పేజీలు ఆఫీసు మీటింగులే. ఎప్పుడు కథ కదులుతుందా అని చూసి చూసి విసిగిపోయాను.

లెడ్జర్

ఆ మీటింగులే కథ అండీ. అధ్యక్షుడు తిరిగొచ్చాక బోర్డు గదిలో కూర్చుని, ఎవరికి ఏం చెప్పాలో మాట మాటా తూచుకుంటూ పోతారు చూడండి, నేరం అక్కడ రెండోసారి జరుగుతుంది. ఈసారి చేసేది కంపెనీయే. ఇంకోసారి ప్రయత్నించండి, ఇంత ఓపిక పెట్టించే పుస్తకం ఊరికే పోదు.

రాత్రి_షిఫ్ట్

అందరూ ఆఫీసర్ల గురించే మాట్లాడుతున్నారు. టేబులు, ముద్ర, ప్రమోషన్. అసలు ఆ వరసలో నిలబడనే నిలబడనివ్వని వాళ్ల సంగతి ఎవరు రాశారు?

కిరినో నత్సువో రాసిన 'అవుట్' చదవండి, 1997. టోక్యో శివార్లలో భోజనం బాక్సులు తయారుచేసే ఫ్యాక్టరీ. అర్ధరాత్రి మొదలై తెల్లారేదాకా షిఫ్ట్. నలుగురు ఆడవాళ్లు. ఒకామె భర్తని చంపేస్తుంది, మిగతావాళ్లు శవాన్ని మాయం చేయడానికి సాయం చేస్తారు. భయంకరమైన పుస్తకమే. కానీ నాకు అందులో ఎక్కువ గుర్తుండేది కన్వేయర్ బెల్టు. అన్నం పెట్టేవాళ్లు, పరిచేవాళ్లు, కూర పోసేవాళ్లు, మూత పెట్టేవాళ్లు. బెల్టు ఎవరికోసం ఆగదు. నేను రెండేళ్లు ప్యాకింగ్ యూనిట్లో రాత్రి షిఫ్ట్ చేశాను. తెల్లవారుజామున మూడింటికి సిమెంటు నేల చల్లదనం చెప్పుల్లోంచి మోకాళ్ల దాకా ఎలా ఎక్కుతుందో నాకు తెలుసు. ఈ నవల రాసిన ఆవిడకీ తెలుసు.

వాళ్లలో మసకో అనే ఆవిడ, అంతకుముందు ఇరవై ఏళ్లు ఒక ఫైనాన్స్ సంస్థలో చేసింది. తనతో పాటు చేరిన మగవాళ్లకి జీతం ఎక్కువని తెలిసి అడుగుతుంది. అక్కణ్ణుంచి ఒంటరిని చేసి, చివరికి తనే వెళ్లిపోయేలా చేస్తారు. జపాన్‌లో ఆడవాళ్లకి సమాన ఉద్యోగావకాశాల చట్టం 1985లో వచ్చింది, తర్వాతి ఏడాదినుంచి అమల్లో ఉంది. చట్టం వచ్చిన పుష్కరానికి ఈ నవల వచ్చింది. సయామా లాంటి వాళ్లకి కనీసం కచో-హోసా అని ఒక పేరుంది. బెల్టు దగ్గరి ఆడవాళ్లకి ఏ పేరూ లేదు, పార్ట్‌టైమ్ అంటారంతే.

గుమాస్తాగారి_అమ్మాయి

అక్కా, మీరు చెప్పింది నిజం. నేను టైటిల్ పెట్టేటప్పుడే ఆ వైపు చూడలేదు. 'అవుట్' ఈ వారమే మొదలుపెడతాను.

కిస్తీ_లెక్కలు

ఆఫీసు నుంచి ఇంటికి వచ్చేశాక కూడా అప్పు వదలదు కదా. మియాబె మియుకి 1992లో రాసిన నవల ఒకటి ఉంది, ఇంగ్లిష్‌లో 'ఆల్ షి వజ్ వర్త్'. మోకాలికి గుండు తగిలి సెలవులో ఉన్న డిటెక్టివ్ హోన్మా. బంధువు ఒకడు వచ్చి, పెళ్లి కుదిరిన అమ్మాయి కనపడటం లేదు, వెతికిపెట్టమంటాడు. ఆమె పేరు మీద పాత దివాలా కేసు ఉందని క్రెడిట్ కార్డు దరఖాస్తు వల్ల తెలిసింది. వెతికితే, ఆ పేరే ఆమెది కాదు. ఇంకో అమ్మాయి కుటుంబ రిజిస్టరు, గతం, అన్నీ తీసుకుని బతుకుతోంది. తండ్రి చేసిన ఇంటి అప్పు, వసూలు చేసేవాళ్ల వేట నుంచి తప్పించుకోవడానికి.

నడిమధ్యలో ఒక లాయరు పేజీలకు పేజీలు వడ్డీల గురించి, కార్డుల గురించి చెబుతాడు. దివాలా తీసేవాళ్లంతా విలాసాలకి ఎగబడ్డ పనికిమాలిన వాళ్లనుకుంటారు, నిజానికి చాలామంది నిజాయతీపరులు, భయస్థులు అంటాడు. మా చిన్నాన్న కొడుకు లోన్ యాప్‌లో ఎనిమిది వేలు తీసుకున్నాడు. కట్టడం ఆలస్యమైతే అతని ఫోన్లో ఉన్న నంబర్లన్నిటికీ ఫోన్లు, మార్ఫింగ్ ఫోటోలు. ఇంట్లోవాళ్లం మేం కూడా మొదట వాణ్ణే తిట్టాం. ఆ లాయరు మాటలు అప్పటికి చదివి ఉంటే, వాడితో ఇంకోలా మాట్లాడేవాణ్ణి.

చిక్కుముడి

ఇదంతా చదివాక 'టోక్యో ఎక్స్‌ప్రెస్' మళ్లీ తీశాను. మొదట రాసినదాంట్లో కొంత వెనక్కి తీసుకుంటున్నాను.

ఆ వ్యాపారి అలిబీ, దేశానికి ఉత్తరం చివర హొక్కైడోలో ఉన్నానని. దానికి సాక్ష్యాలు ఏమిటి? ఓడ ప్రయాణికుల జాబితాలో అతని చేతిరాతతో ఉన్న కాగితం. రైలు నుంచి పంపిన టెలిగ్రాం. ఆ రెండూ ఎలా వచ్చాయి? ఆ డివిజన్ అధికారి హొక్కైడో టూర్ వేసుకోవడం వల్ల, ఆయన వెంట వెళ్లిన కింది ఉద్యోగి చేతి చలవ వల్ల. టోక్యో స్టేషన్లో సాక్షులు కూడా, ఆ వ్యాపారి అధికారుల్ని మేపే రెస్టారెంట్‌లో పనిచేసే అమ్మాయిలే. అంటే ఆ అలిబీలో ఒక్కో ఇటుకా ఒక్కో మొహమాటం, ఒక్కో లావాదేవీ. లంచాలు లేని మనిషి ఈ అలిబీ కట్టలేడు. నేను పజిల్ వేరు, సమాజం వేరు అనుకుని చదివాను.

అయినా ఒకటి అడుగుతాను, ఇది 1957 నాటి కథ. ఇప్పటి జపాన్‌కి ఎంత వర్తిస్తుంది?

కవాసాకి_తెలుగోడు

2018 మార్చి గుర్తు చేసుకుంటే చాలు, నేను అప్పుడు ఇక్కడే ఉన్నాను. ఒసాకా దగ్గర ప్రభుత్వ భూమిని ఒక ప్రైవేటు విద్యాసంస్థకి అమ్మారు. మదింపు విలువ 95.6 కోట్ల యెన్‌లు, అమ్మింది 13.4 కోట్లకి. అప్పటి ప్రధాని భార్య పేరు ఆ బడితో ముడిపడి ఉండటంతో పార్లమెంటులో పెద్ద గొడవైంది. ఆర్థిక శాఖ ఆ ఒప్పందం కాగితాలను తిరగరాయించింది. ఆ పని ఒసాకాలోని ప్రాంతీయ కార్యాలయంలో ఒక ఉద్యోగి మీద పడింది. ఆయన అభ్యంతరం చెప్పాడు, చెప్పినా చేయక తప్పలేదు. ఆరోగ్యం పాడై సెలవులో ఉండి, 2018 మార్చిలో ప్రాణం తీసుకున్నాడు. పార్లమెంటులో సమాధానాలు చెప్పిన విభాగాధిపతి 2017 వేసవిలోనే జాతీయ పన్నుల సంస్థకి అధిపతిగా వెళ్లాడు. ఈ గొడవ ముదిరాక రాజీనామా చేశాడు.

ఆ ఉద్యోగి భార్య 2020లో దావా వేశారు. ఎవరు ఏం మార్చమన్నారో భర్త ఒక్కొక్కటీ రాసిపెట్టుకున్న ఫైలు ఉందని ఆమె పట్టుబట్టారు. 2021 జూన్‌లో ఆ ఫైలు బయటికొచ్చింది, ఐదు వందలకు పైగా పేజీలు. ఆ డిసెంబరులో ప్రభుత్వం నష్టపరిహారం పూర్తిగా ఇస్తామని ఒప్పేసుకుంది. ఒప్పుకుంటే ప్రభుత్వం మీది కేసు అక్కడితో ముగుస్తుంది, సాక్షుల్ని పిలిచి ప్రశ్నించే అవకాశం పోతుంది. ఆమె ఆ రోజు కోపంగా మాట్లాడటం టీవీలో చూశాను. ఆమె అడిగింది డబ్బు కాదు.

ఓవర్సీర్ గారూ, మీరు చెప్పిన ఆ జిరాక్స్ కాగితాల మాట చదవగానే నాకు ఈ ఫైలే గుర్తొచ్చింది.

పాత_ఓవర్సీర్

ఐదు వందల పేజీలా! రాసిపెట్టుకున్నాడు, మంచి పని చేశాడు. బతికుండి అందరి ముందూ పెట్టి ఉంటే ఇంకా బాగుండేది. ఆ తల్లికి నా దణ్ణాలు.

లెడ్జర్

ఓపికున్నవాళ్లు యొకోయామా హిదెయో 'సిక్స్ ఫోర్' కూడా చూడండి. ఆయన ముందు గున్మా జిల్లాలో విలేఖరి. పద్నాలుగేళ్ల కిందట జరిగిన ఒక పసిపిల్ల కిడ్నాప్ కేసులో పోలీసులే దాచిన తప్పు ఒకటుంటుంది. దాన్ని రాసిపెట్టిన ఒక నోట్ కోసం అదే పోలీసు శాఖలో రెండు విభాగాలు కొట్టుకుంటాయి. అక్కడా కాగితమే.

గుమాస్తాగారి_అమ్మాయి

అందరికీ థాంక్స్. ఇవాళ సెలవు కదా అని కూర్చుని మొదటి అధ్యాయం మళ్లీ చదివాను. సయామా ఏం మాట్లాడాడో వెతుకుదామనుకున్నాను. బతికుండగా అతను మనకి కనిపించేది ఆ ప్లాట్‌ఫాం మీద, ఆ నాలుగు నిమిషాల్లోనే. అదీ ఇవతలి ప్లాట్‌ఫాం మీద నిలబడ్డ వాళ్ల కళ్లతో, పట్టాల అవతల దూరంగా, జనం మధ్యలో. ఎవరో ఒకతను ఎవరో అమ్మాయితో నడిచి వెళ్లి రైలెక్కుతాడు. వీళ్లేమో ఆ అమ్మాయినే గుర్తుపట్టి, పక్కనున్న మగవాడు ఎవరై ఉంటాడా అని ఆశ్చర్యపోతారు. తర్వాత ఇంకో రైలు వచ్చి అడ్డం నిలబడుతుంది.

మా నాన్నకి ఈ కథంతా నోటితో చెప్పాను. రసీదు దగ్గరికి వచ్చేసరికి ఆపమన్నారు. "ఆ రసీదు జేబులో ఎందుకు పెట్టుకున్నాడో తెలుసా? గుమాస్తా ఏ కాగితమూ పారేయడు" అన్నారు.